నడకకు రాయని నిమిషాలు

ఆమెను అందరూ నిమిషాలమ్మ అంటారు. ఎదురుగా అనరు, అంత ధైర్యం ఎవరికీ లేదు. సభలు, సమావేశాలు, వార్షికోత్సవాలు జరిపించడం ఇరవై రెండేళ్ళుగా ఆమె వృత్తి. జరిపించడమంటే వాకీటాకీ పట్టుకుని పరుగులు తీయడం, కేకలు పెట్టడం అనుకునేవాళ్ళను చూస్తే ఆమెకు ఒళ్ళు మండుతుంది. "కేకలేస్తున్నారంటే కాగితం సరిగ్గా రాసుకోలేదన్నమాట" అంటుంది.

నిజానికి ఆ పనిలో ముప్పాతిక వంతు రాతే. ఆహ్వానం రాయాలి. మీకు ఏడు నిమిషాలే ఇచ్చామండీ అని వక్త నొచ్చుకోకుండా ఉత్తరం రాయాలి. యాంకరు మాట్లాడే ప్రతి ముక్కా రాయాలి. అంతా అయ్యాక, రాని వాళ్ళకు కూడా వచ్చినంత పుణ్యం దక్కేలా కృతజ్ఞతలు రాయాలి. వీటన్నిటికీ మూలం నిమిషాల కాగితం. ఎన్నింటికి, ఏమిటి, ఎవరు అనే మూడు గడులు ఎవరైనా గీస్తారు. నాలుగోది మాత్రం ఆమె సొంతం. దాని పేరు 'లేకపోతే'. మైకు పలకకపోతే ఏం చేయాలి, వక్త రాకపోతే ఎవరు లేవాలి, వచ్చిన వక్త మైకు వదలకపోతే నీళ్ళ గ్లాసు ఎవరు తీసుకెళ్ళాలి, అన్నీ అందులో ఉండాలి. ఆ గడి ఖాళీగా ఉంటే ఆమె దృష్టిలో అది చిత్తుకాగితమే.

ఆ పెద్ద కాగితంలోంచి ఎవరి చీటీ వాళ్ళకు, వాళ్ళ పనికి తగ్గట్టు రాసిస్తారు. లైట్ల మేస్త్రి చీటీలో అంకెలే తప్ప మాటలుండవు. ఫొటోగ్రాఫరుకు ఎక్కడ నిలబడాలో బొమ్మ గీసి ఉంటుంది. సభ సాగుతున్నప్పుడు, రాసినవాళ్ళే పక్కన కూర్చుని ఒక్కోదానికి అసలు ఎంత పట్టిందో, ఎందుకు పట్టిందో ఎర్ర పెన్సిలుతో నోట్ చేసుకోవాలి. ఇక సభకు ముందు అంతా సరిచూశాక కాగితం చివర ఆకుపచ్చ సిరాతో ఆమె సంతకం పడుతుంది. అది పడ్డాక బ్రహ్మ దిగివచ్చినా మార్పు లేదు.

ఆ ఆకుపచ్చ పెన్ను ఎవరి చేతికి వెళుతుందన్నది మూడేళ్ళుగా ఇంట్లో నలుగుతున్న ప్రశ్న. కొడుక్కి ఇచ్చే ప్రసక్తే లేదు. అతను పళ్ళ డాక్టరు, అతని రాత మందుల షాపువాడికి తప్ప నరమానవుడికి అర్థం కాదు. కోడలు అలా కాదు. పెళ్ళయిన ఆరో నెలలోనే ఆఫీసుకు వచ్చి, బీరువాలోని పాత కాగితాలన్నీ ముందేసుకుని మూడు రోజులు చదివింది. "భలే ఉన్నాయి అత్తయ్యా. నవల చదివినట్టుంది" అంది. నిమిషాలమ్మ పైకి మొహం ముడుచుకుంది గానీ ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తింది.

ఇంతలో నీటి సరఫరా సంస్థవాళ్ళ డెబ్బై ఐదేళ్ళ సభ వచ్చింది. గొట్టాలు వేసినవాళ్ళు, పంపులు నడిపినవాళ్ళు, గోతుల్లోకి దిగి బాగుచేసినవాళ్ళు, మొత్తం ముప్పై ఒక్కమంది రిటైరైన పనివాళ్ళకు ముఖ్య అతిథి జ్ఞాపికలు ఇవ్వాలి. ఆ అతిథి పెద్ద హోదాలో ఉన్నాయన. సరిగ్గా 11.45కు కారెక్కాలని ఆయన సెక్రటరీ ముందే మూడుసార్లు ఫోన్ చేశాడు.

"దీనికి కాగితం మొత్తం నువ్వే రాయి. నేను వేలు పెట్టను" అంది అత్తగారు. "నిమిషం అటూ ఇటూ కాకుండా నడిచిందా, పెన్ను నీది."

కోడలు ఎగిరి గంతేయలేదు. "జాబితా చూశారా అత్తయ్యా?" అని అడిగింది.

రిటైరైన తేదీల వరుసలో వేసిన జాబితా అది. చిట్టచివరి పేరు, ముప్పై ఒకటోది, కోడలి తండ్రిది.

"చూశాను. అయితే ఏంటి? అన్నయ్యగారు ముప్పై ఆరేళ్ళు ఫిట్టరుగా చేశారు. సిఫారసు మీద ఎక్కిన పేరు కాదుగా?"

"కూతురు రాస్తోంది కాబట్టి ఇచ్చారని ఎవరూ అనకూడదు, అంతే."

"అలా అనడానికి నోరు రాని కాగితం రాయి."

రాసింది. మిగిలిన ముప్పై మందికీ ఒక్కొక్కరికి ఫోన్ చేసి, మీరు చేసిన పనుల్లో మీకు నచ్చింది ఏదని అడిగింది. కొందరు గంటసేపు మాట్లాడారు. ఒకాయన ఏమీ చెప్పలేక ఏడ్చాడు, ఆయన గురించి ఆయన భార్య చెప్పింది. ఆ మాటలన్నీ వడగట్టి యాంకరు చదవడానికి ఒక్కొక్కరికి ఒక్కో వాక్యం చేసింది. 'వరదలో మూడు రోజులు పంపు ఆగకుండా చూసిన చేతులివి.' 'నేలకు చెవి ఆనిస్తే చాలు, గొట్టం ఎక్కడ కారుతోందో ఈయన చెప్పేవారు.' ముప్పై ఒకటో వరుసలో మాత్రం పేరు, ఫిట్టరు, ముప్పై ఆరేళ్ళు అని రాసి ఊరుకుంది.

పదకొండు పేజీలు. పెన్సిలు పట్టుకుని అత్తగారు రెండుసార్లు చదివింది. గోరంత తప్పయినా దొరక్కపోతుందా అని మూడోసారి వెనక నుంచి ముందుకు చదివింది. దొరకలేదు. చివరి వరుస బోసిగా ఉండటం చూసింది గానీ, అది తప్పు కాదు, పిల్ల బింకం అనుకుని వదిలేసింది. ఆకుపచ్చ సంతకం పెట్టింది.

సభ రోజు పొద్దున ఎనిమిదిన్నరకు రిహార్సల్. హాలు కొత్తది, కుర్చీలకు ఇంకా ప్లాస్టిక్ వాసన పోలేదు. వేదికకు ఆరు మెట్లు, పట్టుకోవడానికి పక్కన కమ్మీ లేదు. ముందుగా వచ్చిన నలుగురు పెద్దవాళ్ళలో మొదటి నంబరాయనను ఒకసారి నడిచి చూపించమన్నారు. పంపు ఆపరేటరుగా చేసిన ఆయనకు ఎనభై నాలుగేళ్ళు. పిలవగానే ఉత్సాహంగానే లేచాడు. కుర్చీ వీపు పట్టుకుని నడుము నిటారు చేసుకున్నాడు. వరుస దాటాడు. మొదటి మెట్టు దగ్గర ఆగి, ఏ కాలు ముందు వెయ్యాలో ఆలోచించాడు.

నిమిషాలమ్మ వాచీ చూసింది. ఆయన వేదిక మధ్యకు చేరి ఫొటోకు నిలబడేసరికి రెండు నిమిషాల పది సెకండ్లు.

గబగబా కాగితం తిరగేసింది. కాగితంలో ఏముంది? 'పిలుపు, జ్ఞాపిక, ఫొటో: ఒక నిమిషం.' నడక లేదు! ఇరవై రెండేళ్ళూ ఆమె కంపెనీల అవార్డుల కాగితాలే ఎక్కువ రాసింది. అక్కడ కుర్రకారు పేరు పిలవకముందే మెట్ల మీద ఉంటారు. అందుకే నడకకు నిమిషాలు వేయాలని ఏనాడూ తోచలేదు. ఆ కాగితాలు చూసి నేర్చుకున్న కోడలికీ తోచలేదు. గురువుగారి తప్పును శిష్యురాలు అక్షరం పొల్లుపోకుండా దించుకుంది, గురువుగారు దానికింద సంతకం పెట్టింది.

లెక్క చూస్తే గుండెలు బాదుకునేలా ఉంది. 11.10కి మొదలుపెడితే 11.45కు పదిహేడో మనిషి దగ్గర ఉంటారు. అతిథి వెళ్ళిపోతాడు. మిగిలిన పద్నాలుగు మంది జ్ఞాపికలు అట్టపెట్టెలోనే ఉండిపోతాయి. రేపెప్పుడో ఆఫీసు గుమాస్తా సంతకం పెట్టించుకుని ఇస్తాడు.

సరిగ్గా అప్పుడే కోడలి తండ్రి చేతికర్రతో లోపలికి వచ్చాడు. గోతి అంచు విరిగి పడ్డప్పుడు దెబ్బతిన్న కాలు అది. గొట్టాలతో బతికిన మనిషి, ఎక్కడ అడ్డుపడిందో చూడగానే పసిగట్టాడు. మెల్లగా వియ్యపురాలి దగ్గరకు వచ్చాడు.

"చెల్లెమ్మా, టైము చాలకపోతే నా పేరు తీసెయ్యమనండి. చివర్లోనేగా ఉన్నాను. అమ్మాయికి మాట రాకూడదు. నాది ఆఫీసుకెళ్ళి తెచ్చుకుంటాను."

"మీరు కూర్చోండి అన్నయ్యగారూ" అని ఆమె తెర వెనక్కి నడిచింది.

తెర వెనక కోడలు మొహం పాలిపోయి ఉంది. నిమిషాలమ్మ అనుభవం నిమిషాలమ్మది. "ఐదుగురిని పైకి పిలుద్దాం. మిగతావాళ్ళని ఉన్నచోటే లేచి నిలబడమందాం, చప్పట్లు కొట్టిద్దాం. ఎక్కడైనా ఇదే చేస్తారు" అంది.

"వద్దత్తయ్యా."

"వద్దంటే? వేరే దారి ఉందా?"

"వీళ్ళు నలభై ఏళ్ళు ఇంటింటికీ నడిచారు. ఇవాళొక్కరోజు పైనున్నవాళ్ళు నడుస్తారు" అంటూ కోడలు తెర వెనక మెట్టు మీదే కూర్చుని, మోకాళ్ళ మీద అట్ట పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది.

ముందు రెండు వరుసలూ ఖాళీ చేయించి ముప్పై ఒక్కమందినీ నంబర్ల ప్రకారం అక్కడ కూర్చోబెట్టాలి. అతిథే దిగి వాళ్ళ ముందు నడుస్తాడు. మనిషికి యాభై సెకండ్లు, మొత్తం ఇరవై ఆరు నిమిషాలు. లైట్ల మేస్త్రికి కొత్త అంకెలు, ఫొటోగ్రాఫరుకు కొత్త బొమ్మ. ఇరవై నిమిషాల్లో ఐదు చీటీలు రాసింది, ఒక్క కొట్టివేత లేదు. ఇన్నేళ్ళలో నిమిషాలమ్మ ఏ రాతనూ పక్కన నిలబడి అంత శ్రద్ధగా చూడలేదు.

ఇక మిగిలింది సెక్రటరీ. మెడలో కార్డు, చేతిలో రెండు ఫోన్లు.

"సార్ వేదిక దిగరండీ. ఇంతకుముందెప్పుడూ దిగలేదు" అని తేల్చేశాడు.

కోడలు వాదించలేదు. చీటీ చేతికిచ్చింది. 11.10: అతిథి దిగుట. 11.11: మొదటి జ్ఞాపిక. 11.37: చివరిది. 11.40: కారు. ఐదు నిమిషాలు ముందే అని చూసి అతని మొహం కాస్త విచ్చుకుంది. తర్వాత కళ్ళు నాలుగో గడి మీద పడ్డాయి. 'లేకపోతే: 11.45కు పదిహేడో మనిషి దగ్గర ఆపాలి. మిగిలిన పద్నాలుగు మందికి ఎందుకు ఇవ్వడం లేదో అతిథి స్వయంగా మైకులో చెప్పాలి.'

సెక్రటరీ ఆ వరుస రెండుసార్లు చదివాడు.

"దిగుతార్లెండి" అన్నాడు.

నిమిషాలమ్మకు నవ్వాగలేదు. నాలుగో గడి తను కనిపెట్టిందే, కానీ దాన్ని అలా ఝళిపించవచ్చని తనకే తెలియదు. ఆ క్షణాన ఆమెకు కోడలి మీద కలిగిన గర్వం, తన మీద తనకు ఎన్నడూ కలగనంత.

సభ మొదలైంది. కోడలు ఎర్ర పెన్సిలు పట్టుకుని పక్కతెర వెనక కుర్చీలో కూర్చుంది. నిమిషాలమ్మ యాంకరు దగ్గరకు వెళ్ళి, ఒక్కసారి ఇలా ఇవ్వమ్మా అని చివరి కార్డు తీసుకుంది. వేలు పెట్టనని మాటిచ్చింది నిజమే. వేలు పెట్టలేదు, పెన్ను పెట్టింది.

11.10కి అతిథి దిగాడు. మొదటి ఇద్దరి దగ్గర బిగుసుకుని ఉన్న మనిషి, వరద మాట విన్నాక మూడో ఆయన చెయ్యి రెండు చేతులా పట్టుకున్నాడు. హాలంతా మెడలు చాపి చూసింది. నేలకు చెవి ఆనించే ఆయన వంతు వచ్చినప్పుడు వెనక వరుసలోంచి ఎవరో మనవరాలు "మా తాతయ్యే!" అని అరిచింది. కోడలు ఒక్కో వరుస పక్కన యాభై, నలభై ఎనిమిది, యాభై రెండు అని నోట్ చేసుకుంటూ పోయింది.

ముప్పై ఒకటి. యాంకరు పేరు చదివింది. ఫిట్టరు, ముప్పై ఆరేళ్ళు అని చదివింది. అక్కడ ఆగాలి. ఆగలేదు.

"ఈయన వేసిన గొట్టాల్లో ముప్పై ఆరేళ్ళు నీళ్ళు వేళకు వచ్చాయి. ఇవాళ ఈ సభ వేళకు నడుస్తోంది. దీని ప్రతి నిమిషమూ రాసింది ఈయన కూతురు."

తెర వెనక పెన్సిలు ఆగిపోయింది. ముందు వరుసలో ఆయన, ఎవరూ లేవమనకపోయినా, కర్ర మీద బరువు మోపి లేచి నిలబడ్డాడు. జ్ఞాపిక వైపు చూడలేదు, అతిథి వైపు చూడలేదు. కూతురు ఎక్కడుందా అని హాలంతా వెతికాడు. చప్పట్లు మోగుతూనే ఉన్నాయి. అత్తగారు వెనక నుంచి వచ్చి, కోడలి భుజం పట్టి తెర బయటికి ఒక్క తోపు తోసింది. తండ్రి చూశాడు. కర్రపట్టిన చెయ్యే పైకెత్తి, అదిగో మా అమ్మాయి అన్నట్టు అతిథికి చూపించాడు. కాలు తూలింది, అతిథే పట్టుకున్నాడు.

కారు 11.42కు కదిలింది. సెక్రటరీ దణ్ణం పెట్టి మరీ వెళ్ళాడు.

ఖాళీ అయిన హాల్లో కోడలు కళ్ళు తుడుచుకుంటూనే కాగితం తెచ్చి అత్తగారి ముందు పెట్టింది. ముప్పై ఒకటో వరుస పక్కన ఎర్ర పెన్సిలుతో ఇలా ఉంది: 'రెండు నిమిషాల యాభై సెకండ్లు. కారణం: అత్తయ్య.'

"నిమిషం అటూ ఇటూ కాకూడదన్నారు. రెండు నిమిషాలు పోయాయి. పెన్ను నాకు రాదు."

"ఆ రెండూ నా ఖాతాలో రాసుకో" అంది నిమిషాలమ్మ. కోడలి కాగితంలో ఉన్న ఏకైక తప్పు తనదేనని ఒప్పుకుంటూ, 'కారణం: అత్తయ్య' అన్నదాని కింద ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టింది. మూత బిగించి పెన్ను కోడలి చేతిలో పెట్టింది.

ఆ పెన్నుతో ఆమె చేసిన చివరి సంతకం అదే.