నీళ్ల వరసే అన్నింటికీ

అదిగో బావి మీద మోటారు అందుకుంది, కరెంటు వస్తే చాలు, మీట నొక్కే మనిషి లేకపోయినా తనంతట తానే తిరుగుతుంది, తిరువూరంతా వచ్చి వింతగా చూసి వెళ్లిన మోటారు, ఆ చప్పుడు వింటే నిరుడు ఎడ్ల కోసం పరుగు పెట్టేదాన్ని, ఇవాళ నాకేం గాభరా లేదు, వరస మళ్లీ మొదటికొచ్చింది, ఇప్పుడు పారే నీళ్లు బావగారు వెంకటప్పయ్య గారి చేలోకి, నా మడి మొన్ననే తడిసింది, నిన్న ఎడ్లు దిగి దమ్ము చేశాయి, పొద్దున్నే పెనుగొలను నుంచి పుల్లమ్మ కూలీలను వెంటేసుకుని వచ్చి నాట్లకు వంగింది, అబ్బ, ఈ బురద ఎంత చల్లగా ఉంది, నిరుడు ఈ పుల్లమ్మే ఈ గట్టు మీదే నిలబడి ఏంటి రావమ్మగారూ, ఎండిన నేలలో నాటమంటారా అని నవ్వింది, నేనూ నవ్వబోయి ఏడ్చాను.

అంతా మర్యాద తెచ్చిన చేటు, మా ఆయన పోయాక ఉమ్మడి బావికీ ఎడ్లకీ కూలీలకీ వంతులు వేస్తూ పెద్దమనుషులు ఎవరికీ చిన్నతనం రాకూడదన్నారు, నీళ్లకి బావగారు ముందు, నేను ఆఖరు, ఎడ్లకి మరిది ఆదిశేషయ్య ముందు, కూలీలకి నేను ముందు, విని పొంగిపోయాను కూడా, నా మొహం, తీరా చూస్తే మడి తడవకముందే కూలీలు వచ్చేవాళ్లు, తడిసేసరికి ఎడ్లు ఇంకొకరి చేలో ఉండేవి, ఎడ్లు దొరికేసరికి నీళ్లు ఇంకిపోయేవి, బావగారూ ఒక్క పూట, అబ్బాయ్ ఒక్క పూట అంటూ కాళ్లరిగేలా తిరిగాను, నారు ముదిరిపోతే కోసి గేదెలకి వేశాను, ఈ సార్వా పంటకి కూడా నాటలేకపోతే పొలం కౌలుకిచ్చెయ్ అమ్మాయ్ అని బావగారు నెమ్మదిగానే అన్నారు.

అప్పుడే తలుపు చాటునుంచి అనేశాను, మూడు వంతులెందుకండీ, నీళ్ల వరసొక్కటే ఉంచండి, నీళ్లు పారిన మడిలోకే ఎడ్లు, ఎడ్లు దిగిన మడిలోకే కూలీలు, ఆదిశేషయ్య గయ్యిమన్నాడు, నా ముందు వంతు ఊడగొడతావా వదినా అని, నాదీ పోతోందిగా అన్నాను, బావగారు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, అన్నింట్లోనూ ఆఖరు నువ్వే అవుతావమ్మాయ్, తర్వాత నన్ననకు అన్నారు, అవుతానండి అన్నాను, ఎక్కడిదో అంత ధైర్యం! ఇప్పుడు చూడు, ఆ ఆదిశేషయ్యే గట్టు మీదనుంచి కేకేస్తున్నాడు, వదినా, మందు కొట్టే మిషనుకి కూడా ఈ వరసే పెట్టేద్దామా అని, పెట్టెయ్ అబ్బాయ్, నూర్పిళ్లకీ పెట్టెయ్, ఎన్ని పనులొచ్చినా అన్నీ దీని వెనకే నడుస్తాయి, నవ్వు ఆగడం లేదు, పుల్లమ్మ ఏంటండీ అంత సంబరం అంటోంది, సంబరం కాక మరేంటి, సగం మడి అప్పుడే పచ్చబడింది, అవును, అన్నింట్లోనూ ఆఖరిదాన్నే, అయితేనేం, ఈ మడి నాది, నాటించింది నేనే, కోయించేదీ నేనే.