గట్టయ్య పట్టిన శ్రుతి

శనివారం యూనివర్సిటీలో చదివే ఆ నలుగురి కచేరీ. బుధవారం సాయంత్రంలోగా కార్యక్రమ పత్రం తార్నాకలోని డీటీపీ షాపులో ఇవ్వాలి. అందుకని అమల తలా ఒక చీటీ ఇచ్చి, ఎవరి సంగీతం ఎక్కడిదో రాసిమ్మంది.

అమలది లాలాపేట్. చర్చిలో పాటల కోసం వయోలిన్ పట్టినప్పుడు ఆమెకు ఏడేళ్లు. నల్లకుంట స్నిగ్ధ నేల మీద బాసింపట్టు వేసుకుని, వయోలిన్ తలను పాదానికి ఆనించి కర్ణాటక సంగీతం నేర్చిన పిల్ల. కుర్చీలో కూర్చుని వాయించడం అలవాటయ్యేసరికి ఆమెకు ఆర్నెల్లు పట్టింది. కుమార్ పెళ్లి ఆర్కెస్ట్రాలో బేస్ గిటారు వాయించేవాడు. సెల్లోకూ నాలుగు తీగలే కదా అని దిగాడు. ఆ నిలువెత్తు వాయిద్యాన్ని ఆటోలో ఎక్కించాక తనకు చోటుండదు.

నాలుగోవాడు నరహరి. అతనిది వయోలా. వయోలిన్‌కు అక్కలాంటిది, గొంతు కాస్త బొంగురు. యూనివర్సిటీ సంగీతం గదిలో ఎవరూ ముట్టుకోకుండా పడి ఉంటే రెండేళ్ల కింద తీసి దుమ్ము తుడిచాడు. మిగతావాళ్ల చీటీలు చూశాక, తన చీటీ మీద ‘తండ్రి గట్టయ్య, సన్నాయి విద్వాంసులు’ అని రాసేశాడు.

గట్టయ్య ఊదింది శ్రుతి సన్నాయి. రంధ్రాలన్నీ మైనంతో మూసిన గొట్టం అది, ఒక్క స్వరమే పలుకుతుంది. మేళంలో సన్నాయి వాయించే పెద్దాయన పాట ఎంత దూరం పోయినా తిరిగొచ్చే దారి తెలియాలి కదా. పక్కన కూర్చుని ఆ ఒక్క స్వరాన్ని తెగకుండా పట్టి ఉంచడమే గట్టయ్య పని. ముప్పై ఏళ్లు పట్టాడు. ఆరేళ్ల కింద మేళంవాళ్లు కరెంటుతో పలికే శ్రుతి పెట్టె కొన్నారు. “రేపటి సంది రాకు గట్టన్నా” అన్నాడు పెద్దాయన, తలవంచుకుని. అంత కాలం భుజం భుజం ఆనించి కూర్చున్న మనిషి ఆ ఒక్క మాటతో దూరమైపోయాడు. ఇప్పుడు గట్టయ్య భువనగిరిలో ఒక ఫంక్షన్ హాల్లో కుర్చీలు సర్దుతాడు.

ఇదంతా చీటీలో దాగి ఉండేదే. కానీ గట్టయ్య ఫోను చేసినప్పుడు నరహరి దగ్గర లేడు, అమల ఎత్తింది. “బుధవారం మా రిహార్సలుకు రండి అంకుల్, సన్నాయి కూడా తేండి” అంది. సంగతి నరహరికి తెలిసేసరికి గట్టయ్య బస్సెక్కేశాడు.

తార్నాక మెట్రో మెట్లు దిగుతున్న తండ్రి చేతిలోంచి నరహరి సంచి అందుకున్నాడు.

“నాయినా, వాళ్లు వాయించుమంటే మూతి పుండైందని చెప్పు.”

“మంచిగనే ఉన్నది గదరా మూతి.”

నరహరి ఆటో ఆపాడు. గట్టయ్య కొడుకు మొహం ఒకసారి చూసి, ఇంకేం అడగకుండా ఆటో ఎక్కాడు.

గదిలో అప్పటికే గొడవ నడుస్తోంది. వాళ్లు వాయించే పాట నడుమ వయోలా ఒకే స్వరం మీద చాలాసేపు నిలబడాలి. దాని గొంతు మిగతా మూడింటి కింద మునిగిపోతుంది. అక్కడే ముగ్గురూ శ్రుతి తప్పి పైపైకి పోతారు.

“నువ్వే గుంజుకపోతున్నవ్” అంది అమల స్నిగ్ధతో, ఫోనులో శ్రుతి చూపే ముల్లును చూస్తూ.

“ఆ ఫోను పక్కన పెట్టి చెవి పెట్టు” అంది స్నిగ్ధ. గుమ్మంలో గట్టయ్యను చూసి చేతులు జోడించింది. “రండి అంకుల్. నరహరి కమాను చివరికొచ్చి ఎనక్కి తిరిగేచోట స్వరం తెగి మాకందరికీ అతుకు వినిపిస్తది, తనకు వినిపించది. విద్వాంసుల కొడుకు కదా, ఎందుకు వినిపించదా అనుకుంటం. ఏ రాగమైనా సరే, ఒక్కటి వినిపించండి.”

విద్వాంసులన్న మాట విని గట్టయ్య కొడుకు వైపు చూశాడు. తర్వాత పెదవి మీద వేలు పెట్టుకున్నాడు.

“మూతి పుండైంది బిడ్డా” అన్నాడు.

జన్మలో ఎవరికీ అబద్ధం చెప్పని మనిషి. నరహరి చెవులు వేడెక్కాయి.

“పుండు లేదు, ఏం లేదు” అన్నాడు. “మా నాయినకు పాట రాదు. పెండ్లిల్ల శ్రుతి పట్టెటోడు. ఒక్కటే స్వరం. విద్వాంసులని నేనే రాసిన.”

ఇక వీళ్లు తనతో కూర్చోరనే అనుకున్నాడు నరహరి.

కుమార్ సెల్లో మీదుగా ముందుకు వంగాడు. “ఎంతసేపు పట్టేటోళ్లు అంకుల్?”

“లగ్గం అయ్యేదాంక.”

“నడుమ ఊపిరి?”

“బుగ్గలల్ల గాలి దాస్కోని ఊదుకుంటనే ముక్కుతోని తీస్కుంట. తెగనియ్యద్దు.”

“వీడేమో నాలుగు నిమిషాలకే చాయ్ అంటడు” అన్నాడు కుమార్ నరహరిని చూపిస్తూ.

స్నిగ్ధ కుర్చీ దిగి నేల మీద కూర్చుంది. “ఒక్కసారి పట్టండి అంకుల్.”

గట్టయ్య గొట్టం తీసి, దాని కొసనున్న రెల్లు పుల్లను నోట్లో తడుపుకుని ఊదాడు. గది నిండింది. అమల ఫోను ముల్లు రెండు స్వరాల నడుమ ఆగిపోయింది.

“కొంచెం తక్కువున్నది. పెంచొచ్చా అంకుల్?” అంది అమల.

గట్టయ్య గొట్టం దించాడు. “అది పెరగది బిడ్డా. ఆ మైనం మా తాత పెట్టింది.”

“మన తీగలే దించుదాం” అంది స్నిగ్ధ.

అమల ముల్లు వైపు ఒకసారి, ముసలాయన వైపు ఒకసారి చూసింది. ఫోను సంచిలో వేసి, బిరడ పట్టుకుని తీగ వదులు చేసింది.

గట్టయ్య మళ్లీ శ్రుతి పట్టాడు, పాట మొదలైంది. నడుమ చోటు వచ్చింది. గట్టయ్య బుగ్గలు ఉబ్బి, ముక్కు పుటాలు కదిలి, బుగ్గలు లోపలికి తగ్గే ఆ క్షణాన్ని నరహరి చూశాడు. అతని కమాను సరిగ్గా అప్పుడే వెనక్కి తిరిగింది. ఐదేళ్ల వయసులో పెళ్లి పందిట్లో తండ్రి మోకాలి పక్కన కూర్చుని చూసింది ఇదే. నేర్చుకుంటున్నానని అప్పుడు తెలియలేదు. ఆ సాయంత్రం పాట ఎటూ జారకుండా చివరి దాకా వెళ్లింది.

నరహరి చీటీ అడిగి తీసుకుని, ‘విద్వాంసులు’ కొట్టేసి ‘ముప్పై ఏళ్లు శ్రుతి పట్టారు’ అని రాశాడు. అమల ఐదో చీటీ తీసింది. “శనివారం మీరూ మాతోనే కూసుంటరు. మీదేం రాయాలె అంకుల్?” గట్టయ్య సిగ్గుపడి, మీరే ఏదన్నా రాయండన్నాడు.

డీటీపీ షాపులో పత్రం ఇచ్చి, నరహరి తండ్రిని మెట్రో దాకా సాగనంపాడు.

“సదువులైనంక మీరు నలుగురు ఎటు పోతరు?”

“తెల్వది నాయినా.”

“శనారమైతే అందరుంటరు గద” అన్నాడు గట్టయ్య. మెట్టు మీద కాలు పెట్టి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు.

“ఆ పాట మొత్తం ఎంతసేపురా?”

“పదకొండు నిమిషాలు.”

“గంతేనా?”