బంద్ రోజు క్లాసు

"శ్రావణి టీల చక్కెర తక్కువెయ్యి, సరితా. ఆ పిల్ల డైటింగు చేస్తది," అన్నాడు రాజేందర్ వంటింటి గుమ్మంలోంచి.

నేను చక్కెర ఎంత వేసుకుంటానో ఆయన ఇంతవరకు ఎప్పుడూ అడగలేదు. శ్రావణి కప్పులో రెండు చెంచాలు నిండుగా వేశాను.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు లేవు. ఆ రోజు బంద్ కూడా కావడంతో ఆఫీసు క్యాబులూ రాలేదు. హైటెక్ సిటీలో పని మాత్రం ఆగకూడదు. అందుకే ఇలాంటి రోజుల్లో మియాపూర్, మదీనాగూడల్లో ఉండే టీము పిల్లలు ల్యాప్‌టాపులు భుజాన వేసుకుని మా ఇంటికి నడిచొస్తారు. టీము లీడరు నా భర్త. టీ, ఉప్మా, భోజనం, మళ్లీ టీ నావి. టీవీలో ఊరేగింపు కనబడగానే ఆయన "మన కొలువులు మనకే రావాలె" అని అరుస్తాడు. అదే గొంతుతో "సరితా, చట్నీ" అనీ అరుస్తాడు.

పని కాస్త సద్దుమణిగాక శ్రావణి తన కుర్చీని ఆయన పక్కకు జరిపింది. ఆమెది ప్రొద్దుటూరు. "సార్, నా ఇంగ్లీషు మెయిల్లో వాక్యం సగంలోనే ఆగిపోయిందని క్లయింటు తిట్టినాడు. ఒకసారి చెప్పరా?"

పళ్లు కొరుక్కున్నాను. మెడలో ఐడీ కార్డు, కుర్చీ మీద బాసింపట్టు, నా ఇంట్లోనే నాకు లేని ధీమా. కొన్నాళ్లుగా ఆయన నోట ఇదే పేరు. ఒకరోజు ఆయన చొక్కా కాలరు వాసన కూడా చూశాను. సిగ్గుపడాల్సిన పని. అయినా చూశాను.

"క్లాజులు రెండు రకాలు," మొదలుపెట్టాడు రాజేందర్. "రెండిట్ల కర్త ఉంటది, క్రియ ఉంటది. మరి తేడా ఎట్ల తెలుస్తది? పలికి ఆగాలె. వెన్ ద బస్ కేమ్..." కనుబొమ్మ ఎత్తి ఆగాడు.

"వస్తే? ఏమైంది సార్?"

"గదే! ఏమైందని అడిగినవంటే అది డిపెండెంట్. దానంతట అది నిలవడలేదు. ఇగ విను. వియ్ గాట్ ఆన్. ఎక్కినం, అయిపోయింది. అది ఇండిపెండెంట్. రెండూ కలుపు. డిపెండెంట్ ముందొస్తే నడుమ కామా, వెనకొస్తే మామూలుగ అక్కర్లేదు."

గరిటె చేతిలోనే ఉండిపోయింది. ఆ బస్సు నాది. జనగామ జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే రోజుల్లో, బస్సు దొరక్క ఆలస్యంగా వచ్చే పల్లెటూరి ఆడపిల్లల కోసం నేను అల్లిన వాక్యం. ఆ ఆగడం నాది, ఆ కనుబొమ్మా నాదే. "మెయిల్స్ రాసుడు పరేషాన్ అయితుంది, జర చెప్పు" అని ఆయన అంటే మొన్న ఆదివారం చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ చెప్పాను. ప్రతివారం ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాను. మియాపూర్‌లో కాపురం పెట్టిన కొత్తలో మళ్లీ ఉద్యోగం చూసుకుంటానంటే మా అత్త నర్సమ్మ అన్నది, "నీ ఇంగ్లీషు వానికి నేర్పు బిడ్డా. వాడు ఎదిగితే నువ్వు ఎదిగినట్టే గాదా?" మీ ఆవిడ ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే ఆయన చెప్పేది ఒకటే మాట. "ఖాళీగనే ఉంటది."

"ఇంత సులువుగా మీకెవరు చెప్పినారు సార్?"

"ఎవలు చెప్తరు? సొంత తెలివి," నవ్వాడు రాజేందర్.

శ్రావణి కళ్లు పెద్దవి చేసి ఆయన వంక చూసింది. ఆ చూపు నాకు తెలుసు. జనగామలో మొదటి బెంచీ పిల్లలు నన్ను అలాగే చూసేవారు. ఆ పిల్ల నా మొగుణ్ని ఎక్కడ ఎగరేసుకుపోతుందోనని పొద్దుటి నుంచీ కుళ్లుకున్నాను. ఇప్పుడు మొగుణ్ని తీసుకుపోయినా పోనీ అనిపించింది. ఆ చూపు మాత్రం నాకు కావాలి.

ఖాళీ కప్పులు పట్టుకుని శ్రావణే వంటింట్లోకి వచ్చింది. "మీరూ సారు దగ్గర ఇంగ్లీషు నేర్చుకోరాదా అక్కా?" అంది ప్రేమగా. ఆ ప్రేమే ఎక్కువ మండించింది. "కొత్తగా చేరేవాళ్లకు ఇంగ్లీషు చెప్పే పోస్టుకు సోమవారం డెమో క్లాసులు. బయటోళ్లు కూడా రావచ్చంట. సారూ ఇస్తున్నారు, ఆయన ముందర ఎవరు నిలుస్తారులే!"

బయటివాళ్లూ రావచ్చు. అసలు ఆ డెమో సంగతే ఆయన నాకు చెప్పలేదు.

"రావాలనుకుంటే ఎవరితో మాట్లాడాలమ్మా?"

"మా హెచ్చార్ జయలక్ష్మి మేడంతో. ఎవరన్నా ఉండారా?"

"ఉన్నరు."

నంబరు చెప్పింది.

పిల్లలు వెళ్లిపోయాక రాజేందర్ వచ్చి, గిన్నెలు తోముతున్న నా భుజం మీద చెయ్యి వేశాడు. చాలా రోజుల తర్వాత పడిన చెయ్యి.

"సోమవారం ఆఫీసుల చిన్న క్లాసు ఉన్నది. రిలేటివ్ క్లాజులు అడుగుతరేమో. మంచి ఉదాహరణతోని జర చెప్పరాదు?"

"చెప్త," అన్నాను చేతులు తుడుచుకుంటూ. "సోమవారమే చెప్త, మీ ఆఫీసుల. జయలక్ష్మి మేడంకు ఇందాకనే ఫోన్ చేసిన. డెమోల నీ తర్వాత నేనే."

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. భుజం మీది చెయ్యి మెల్లగా జారింది.

"మరి నాకెవలు చెప్తరు?"

జాలేసింది. కానీ చెప్పలేదు.