కాడుపాప

నా నోరే కొంప ముంచింది. నా కొంప కాదు, ఓ మూగజీవం కొంప.

నేను పుట్టింది సేడంల, కన్నడం మాట్లాడే ఇంట్ల. పెద్దేముల్‌కు కోడలిగ వచ్చి ఎనిమిదేండ్లయినా ఆ మాటలు నాలుక మీదికెళ్లి పోలే. డెబ్బై తొమ్మిదిల మా చేను గట్టు మీద, కలే పండ్ల పొదల, ఓ దేవాంగపిల్లి కనబడ్డది. పిడికిలంత ఒళ్లు, పుల్లలసొంటి కాళ్లు చేతులు, మొఖమంతా కండ్లే. పగలంత తల కడుపుల వెట్టుకొని ఉండలెక్క పండుకుంటది. మసకపడంగనే లేచి, మెల్లగ ఒక్కో కొమ్మ పట్టుకుంట, పురుగుల్ని ఏరుకొని తింటది. చీ అనకుర్రి గని, చేతులకు తన ఉచ్చనే రాసుకుంటది. నేను మురిసిపోయి, "మా దిక్కు దీన్ని కాడుపాప అంటరు" అని బావి దగ్గర అందరి ముందట చెప్పిన.

మా భాషల కాడు అంటే అడవి. ఈడ కాడు అంటే బొందలు వెట్టే జాగ. ఆ సంగతి నా మొద్దు బుర్రకు తట్టలే.

భీమమ్మకు తట్టింది. మా పాలోళ్ల జంగప్ప పెండ్లాం. నెల కిందనే మూన్నెల్ల బిడ్డను కాట్లె పెట్టొచ్చిన తల్లి. ఆనాటి సంది పొద్దుగూకంగనే వచ్చి పొద ముందట కూసుంటది. తిండి లేదు, మాట లేదు. అసలు సంగతి చెప్పాలని ఉన్నది గని, ఏ మొఖం వెట్టుకొని చెప్పాలె?

వారం దినాలకు జంగప్ప గాసునూనె డబ్బా, అగ్గిపెట్టె పట్టుకొని పొద్దుగాల్నే వచ్చిండు. వెనకనే భీమమ్మ.

"జరుగు వదినా. పొదతోని సహా కాలుస్త. నా పెండ్లాం పిచ్చిదైతున్నది."

నాకు ఒళ్లు మండింది. పోయి పొదకు వీపు ఆనిచ్చి కూసున్న. ముండ్లు గుచ్చుకున్నా లేవలే.

"ముందు నన్ను కాల్చు! దీన్ని చంపితే అడవి కాసే జంగ్లాతోళ్లు జైల్ల ఏస్తరు, ఎర్కనా? సర్కారు కానూను ఉన్నది."

"కానూను నీ దగ్గర్నే ఉంచుకో. కాటి పాప అన్నది నువ్వే గద!"

ఇగ తప్పలే. "తప్పు నాదే భీమమ్మా. మా భాషల కాడంటే అడవి. గిది అడవిపాప. నీ బిడ్డ కాదమ్మా, మన్నించు" అని ఏడ్చేసిన. ఆమెకున్న ఒక్క ఆశ నా చేతుల్తోనే తెంపిన అనుకున్న.

భీమమ్మ వంగి కొమ్మలు పక్కకు జరిపింది. దేవాంగపిల్లి కడుపుకు కరుసుకొని బొటనవేలంత పిల్ల.

"నా బిడ్డ కాదని మొదటి దినమే ఎర్కయింది అక్కా" అన్నది. "ఇది పిల్లకు పాలిస్తుంటే చూసేతందుకు వస్తున్న."

మొగని చేతిలకెల్లి డబ్బా గుంజుకున్నది. "దీన్ని కాలిస్తే నీ ఇంట్ల అడుగు వెట్ట."

జంగప్ప గట్టు మీద కూలవడ్డడు. బిడ్డను పెట్టొచ్చినంక ఆయన ఏడ్వంగ మేం చూసింది గప్పుడే.