స్టూడెంట్ కనబడాలి

“ఇంటికెవరొస్తున్నారే?” అంటూ అత్తగారు గబగబా సోఫా మీది దుప్పటి సర్దారు.

“ఇంటికెవరూ కాదత్తయ్యా, ఇంటర్వ్యూ! కొత్తగా చేరే స్టూడెంట్‌తో, వాళ్ళింట్లోవాళ్ళతో వీడియోలో మాట్లాడాలి.”

“ఓస్, కబుర్లేగా!” అని అత్తగారు సర్దిన దుప్పటిని మళ్ళీ నలిపి కూర్చున్నారు.

కోడలు టీచరమ్మ. ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతుంది. ఊరందరికీ లెక్కలు చెప్పే మనిషిని ఇంట్లో ఎవరూ లెక్కలోకి తీసుకోరు. గదిలో బల్ల భర్తది. “నాకు మీటింగుంది, కాస్త పక్కకి జరుగు” అని ఆయన అన్నప్పుడల్లా లాప్‌టాప్ చంకన పెట్టుకుని జరిగి, జరిగి, చివరికి వంటింటి గట్టు దగ్గర తేలింది. ఆ ఇంట్లో ఏం జరిగినా, జరిగేది ఆమే.

తెర మీద ఒక తండ్రి, స్కూలు వయసు కూతురు, ఫోను జారిపోకుండా డబ్బాకి ఆనిస్తున్న తల్లి. తల్లి భుజం పిల్ల ముఖానికి అడ్డొస్తోంది.

“అమ్మా, మీరు కాస్త పక్కకి జరగండి. స్టూడెంట్ కనబడాలి.”

ఆవిడ తెరలోంచే తప్పుకుంది. పిల్ల కిసుక్కున నవ్వింది.

“మేడం, స్టూడెంట్‌నే జరిపేశారు! నేను బడికెళ్తున్నానుగా. పదో తరగతికి చేరేది మా అమ్మ.”

‘పక్కకి జరగండి’ అన్న తన మాటే టీచరమ్మకి మళ్ళీ వినబడింది. మాటే కాదు, తీసిన రాగం కూడా అచ్చం మొగుడిదే. ఎప్పుడు నేర్చుకుంది? ఇన్నాళ్ళూ ఇలాంటి ఇంటర్వ్యూల్లో తల్లి కనబడితే చాలు, ఫ్యాను ఆపమంది, కిటికీ మూయమంది, పిల్లాణ్ణి పిలవమంది. ‘మీరేమంటారు’ అని మాత్రం తండ్రుల్నే అడిగింది. తనని తోసిన చేతినే అరువు తెచ్చుకుని ఎంతమందిని తోసిందో! తల వంచుకుంటే, గట్టు నల్లరాయిలో తన ముఖమే మసకగా కనబడింది. అటూ చూడలేకపోయింది.

“పర్లేదులెండి,” అంది కనబడని గొంతు. “ఈ వయసులో చదువేంటని ఈయనా నవ్వారు. మీక్కూడా అలాగే అనిపించినట్టుంది. వదిలేద్దాం.”

“నవ్వాను గానీ వద్దన్లేదు మేడం!” తండ్రి కంగారుపడ్డాడు. “రోజంతా ఖాళీయే కదా, చదువుకోమన్నాను.”

“మిమ్మల్నడగలేదండీ. అమ్మా, మీరు చెప్పండి. ఎందుకు చదవాలనిపించింది?”

ఆవిడ గొంతు కాస్త దగ్గరకొచ్చింది. “మా పిల్ల లెక్కలు చేస్తుంటే నా చేతులు దురద పెడతాయండీ. ఒక్కోసారి జవాబు నాకే ముందు తడుతుంది. చెబితే, ‘నీకేం తెలుసమ్మా’ అంటుంది.”

పిల్ల నవ్వు ఆగిపోయింది. లేచి పక్కకి జరిగి, తల్లి చెయ్యి పట్టుకుని కుర్చీలోకి లాగింది.

అప్పుడే వంటింట్లోకి టీచరమ్మ భర్త వచ్చాడు, వెనకాలే అత్తగారు. “పక్కనే కుక్కర్ కూస్తోంది, వినబడట్లేదా?” అన్నాడాయన.

“వినబడింది.” ఆమె కుర్చీలోంచి లేవలేదు. “అందరూ ఉన్నారుగా, అందరికీ చెబుతున్నాను. ఇక్కడ చదువుకునేది ఆ పాప కాదు, వాళ్ళమ్మ. నేను ఆవిణ్ణే పక్కకి పొమ్మన్నాను. పొరబాటని సరిపెట్టుకుందామనుకున్నాను గానీ కాదు. తల్లి కదా, చదువుకునే మనిషి కాదులే అనుకున్నాను. సిగ్గుగా ఉంది. ఇంటర్వ్యూ మొదట్నించీ మొదలుపెడతాను. ఏవండీ, ఆ పొయ్యి మీరు కట్టెయ్యండి.”