దుప్పటి రెండో కొస

గంజి ఇంకా చిక్కబడలేదు. ఆసుపత్రి కింది అంతస్తులోని లాండ్రీలో, డాక్టర్ల కోట్లకు పెట్టే గంజిని ఆమె పొడుగాటి కర్రతో తిప్పుతోంది. ఆవిరికి జుట్టు నుదుటికి అంటుకుపోయింది. వెడల్పాటి భుజాలు, పొట్టి మెడ, ఎప్పుడూ నాని ముడతలు పడి ఉండే వేళ్లు. ఈ దేశానికి వచ్చిన కొత్తలో గంజి దగ్గర నిలబెట్టారు. అప్పటినుంచి తన భాషవాళ్లందరికీ ఆమె గంజమ్మే.

ఆ భాషవాడే అయిన మేస్త్రీ గిన్నెలోకి తొంగిచూశాడు.

"ఇంకా నీళ్లలాగే ఉందే!"

"ఉంటుంది. తిప్పుతూ ఉంటే ఒక్కసారే చిక్కబడుతుంది. మీరు తొంగిచూశారని తొందరపడదు."

"నోటికేం తక్కువ లేదు. సాయంత్రం పరీక్షలో ఆడాలి ఆ నోరు."

వార్డుల్లో పని చేయాలంటే ఇక్కడి భాషలో మాట్లాడే పరీక్ష నెగ్గాలి. ఇన్నేళ్లూ గంజమ్మకు ఆ ఊసే పట్టలేదు. ఇప్పుడు పట్టింది. తనతో దుప్పట్లు మడిచే ఎడంచేతి అక్క పై వార్డులో మంచాన పడింది. అక్కకు నా అన్నవాళ్లు లేరు. చూడ్డానికి వచ్చినవాళ్లను కాసేపటికే గంట కొట్టి పంపించేస్తారు. వార్డులో పనిచేసే మనిషిని మాత్రం ఎవరూ పొమ్మనరు.

ఎడంచేతి అక్క ఇక్కడి మనిషే. పెద్ద దుప్పటి ఒక్కరివల్ల మడతపడదు. చెరో కొసా పట్టుకుని విదిలించాలి, ఎదురు నడిచి అంచులు కలపాలి, మళ్లీ వెనక్కి నడవాలి. యంత్రాల హోరులో దూరం నుంచి మాట వినబడదు. అంచులు కలిసి, ముఖాలు దగ్గరైనప్పుడే అక్క ఒక ముక్క అనేది. తన మోకాలి నొప్పి గురించి, పోయిన మొగుడి గురక గురించి, మేస్త్రీ మీసం గురించి. గంజమ్మ ఆ ముక్కను పట్టుకుని వెనక్కి నడిచి, ఈసారి కలిసినప్పుడు తిరిగి ఇచ్చేది. చాలా కాలం నవ్వు ఒక్కటే ఇవ్వగలిగింది. అక్క ఈమె దగ్గర నేర్చుకున్న మాట ఒకే ఒక్కటి, 'అక్కా' అని. ఒకరినొకరు పిలిచేది అలాగే. ఎవరు పెద్దో ఎన్నడూ తేలలేదు.

అక్కది ఎడమచేతి వాటం. అందుకని వీళ్లు మడిచిన దుప్పట్లు అందరివాటికీ భిన్నంగా ఎడమవైపు తెరుచుకునేవి. నర్సులు సణిగేవారు. "మనం మడిచినట్టు తెలియొద్దూ!" అనేది అక్క.

అక్క పై వార్డుకు వెళ్లినప్పటినుంచి గంజమ్మ దుప్పటి కొసను తలుపు గొళ్లేనికి తగిలించి ఒక్కతే మడుస్తోంది.

"ఇంకో మనిషిని ఇస్తానన్నానుగా?" అన్నాడు మేస్త్రీ.

"నాకు మనిషి ఉంది. పైన ఉంది."

సాయంత్రం తరగతి గది బయట భాష నేర్పే మాస్టారు ఎదురొచ్చారు. తన భాషవారే, మెత్తటి మనిషి. పాఠాలను మెట్లలా పేర్చారు. ఒకటి ఎక్కాకే ఇంకొకటి. మిగతావాళ్లు ఎక్కుతున్నారు. గంజమ్మ ఒక వారం పై మెట్టు మీది మాట టక్కున అనేసేది. మరుసటి వారం కింది మెట్టు మీది పలకరింపు కూడా గొంతులో ఇరుక్కునేది.

"ఈసారికి వదిలెయ్యండమ్మా. మళ్లీ మొదటి తరగతిలో కూర్చోండి. తప్పేం లేదు."

"కూర్చోనండి. నాలో మెట్లు లేవు మాస్టారూ. అంతా ఒకే గిన్నెలో ఉంది. తిప్పుతున్నా."

లోపల పరీక్ష పెట్టే ఆవిడ లావుపాటి కళ్లద్దాల్లోంచి చూసి, కుర్చీ చూపించింది. "మీ పని గురించి చెప్పండి."

గంజమ్మ కూర్చుంది. చేతులు ఒళ్లో పడి ఉన్నాయి, ఎవరివో అన్నట్టు. మాస్టారు నేలవైపు చూస్తున్నారు. ఆవిడ మార్కు వెయ్యడానికి కలం ఎత్తింది.

గంజమ్మ లేచింది. బల్ల మీది నీళ్ల గ్లాసు తీసి కిటికీలో పెట్టింది. బల్ల మీద పరిచిన గుడ్డ లాగి, రెండు కొసలు ఆవిడ చేతికి ఇచ్చింది.

"పట్టుకోండి. గట్టిగా." ఇక్కడి భాషలోనే.

"పరీక్షలో ఇలా కుదరదమ్మా," గొణిగారు మాస్టారు.

"నాకు ఇలాగే వచ్చింది." అదీ ఇక్కడి భాషలోనే.

ఆవిడ ఏమనుకుందో, కలం పెట్టేసి నిలబడింది. విదిలించారు. నడిచారు. అంచులు కలిశాయి. "మా అక్కకు మోకాలు నొప్పి," అంది గంజమ్మ. వెనక్కి నడిచారు. మళ్లీ కలిశారు. "అయినా కూర్చోదు. కూర్చుంటే మళ్లీ లేపడానికి మొగుడు లేడంటుంది." ఆవిడ పెదవి కదిలింది. ఇంకో మడతకు గురక వచ్చింది. ఆ తర్వాత మేస్త్రీ మీసం వచ్చింది, అక్క తిట్టే తిట్టుతో సహా. మాస్టారు చెవులు మూసుకున్నారు. ఆవిడ కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంది.

"మడత తిరగబడింది," అంది గుడ్డ అందుకుని.

"తిరగబడలేదు. మా అక్కది ఎడమచెయ్యి."

"రేపటినుంచి వార్డుకు వెళ్లండి."

గంజమ్మ రేపటిదాకా ఆగలేదు. తడి చెప్పులతోనే మెట్లెక్కింది.

కిటికీ పక్క మంచం మీద పరుపు బోసిగా ఉంది. అప్పుడే తుడిచిన తడి ఇంకా ఆరలేదు.

"మధ్యాహ్నం," అంది నర్సు. "నిద్రలోనే. ఎవరికి చెప్పాలో మాకు తెలియలేదు."

గంజమ్మ మంచం కమ్మీ పట్టుకుని నిలబడింది. నర్సుకు నిలబడే తీరిక లేదు. ఇంకో రోగిని తెస్తున్నారు. అలమర తెరిచి పైనున్న దుప్పటి మీద చెయ్యి వేసింది. అది ఎడమవైపు తెరుచుకుని ఉంది.

"అది ముట్టుకోకండి," అంది గంజమ్మ. "అది మేమిద్దరం మడిచింది. విప్పితే మళ్లీ అలా మడవడానికి మనిషి లేదు. మంచానికి వేరేది నేను తెస్తాను. అదే కావాలంటే నన్ను దాటుకుని తియ్యండి."

నర్సు చెయ్యి తీసేసింది. అప్పుడు చూసుకుంది గంజమ్మ, ఇన్ని మాటలు ఇక్కడి భాషలో అన్నా తన చేతులు ఖాళీగానే ఉన్నాయని.

కిందికి వెళ్లి వేరే దుప్పటి తెచ్చింది. ముడత లేకుండా పరిచి, కొసలు పరుపు కిందికి దోపింది. కొత్త రోగి వచ్చాడు. దీపాలు వేశారు.

అలమర పై అరలో ఆ దుప్పటి అలాగే ఉంది, ఎడమవైపు తెరుచుకుని.