మంటగా ఉంటే చెప్పండి

ఆ వీధి మలుపులో సెలూన్ నడిపే ఆయన్ని చిన్నా పెద్దా అందరూ రేడియో మామ అనేవారు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. కుర్చీలో కూర్చున్నవాడి తల సగం తేలికయ్యేసరికి, ఎవరి మోకాలికి ఏ నూనె పనిచేసిందో, ఏ ఇంట్లో అత్తాకోడళ్ళకు మాటలు లేవో అన్నీ చెవిన పడిపోయేవి. నోరు ఎంత పరుగెత్తినా చెయ్యి మాత్రం నిదానంగా సాగేది. కత్తి చెంపకు ఆనించే ముందు ప్రతి ఒక్కరితోనూ ఒకే మాట అనేవాడు.

"మంటగా ఉంటే చెప్పండి."

అలాంటి చేతులకు కీళ్ళవాతం వచ్చింది. కణుపులు వాచి, పొద్దున్నే లేచేసరికి వేళ్ళు కొయ్యబారిపోయేవి. కత్తెర జారడం మొదలైంది. ఒకరోజు చొక్కా బొత్తాలు పెట్టుకోలేక అద్దం ముందు అలాగే నిలబడిపోతే భార్య వచ్చి పెట్టింది. ఆ రోజే సెలూన్‌కు తాళం పడింది. రేడియో మూగబోయింది.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ, మాత్రలకు లొంగని ఆ జబ్బుకు నరంలోకి చుక్కలు చుక్కలుగా ఎక్కించే మందు విడతలవారీగా ఇవ్వడం మొదలుపెట్టింది. కొన్ని వారాలకు వేళ్ళు కదిలాయి. ఆ పొద్దున మామ బొత్తాలన్నీ తానే పెట్టుకుని, విప్పి, మళ్ళీ పెట్టుకున్నాడు. "చాల్లెండి, ఊడి చేతికొస్తాయి!" అని నవ్వుతూనే భార్య కళ్ళు తుడుచుకుంది.

సెలూన్ తెరిచిన రోజు వీధంతా అక్కడే ఉంది. అందరికంటే ముందు వచ్చినవాడు హెడ్ కానిస్టేబులు. తన మీసాన్ని మరో చేతికి అప్పగించనని శపథం చేసిన మనిషి. అది పెరిగి పెరిగి పెదవుల మీద తెరలా దిగింది. ఆయన టీ తాగితే సగం మీసమే తాగేది. మామ ఆ మీసానికి మళ్ళీ ఒక రూపం ఇస్తే అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంత సంబరంలోనూ ఒక ముల్లు గుచ్చుకుంది. రెండోసారి మందు ఎక్కుతుండగా మామకు మెడంతా దురద పుట్టింది, ముఖం వేడెక్కింది. నర్సమ్మ అటుగా వచ్చి, "ఏమైనా ఇబ్బందిగా ఉందా మామా?" అని అడిగింది. చెబితే సూది పీకేస్తారు. సూది పీకేస్తే కత్తెర మళ్ళీ సొరుగులోకి పోతుంది. "గుండ్రాయిలా ఉన్నానమ్మా!" అన్నాడు. ఊరందరి కబుర్లూ చెప్పే మనిషి తన కబురు దగ్గర తేలు కుట్టిన దొంగ అయ్యాడు.

మర్నాడు చొక్కా గొంతుదాకా బిగించుకుని కూర్చున్నాడు.

"ఇంత ఉక్కలో ఆ బొత్తాలేంటండీ?" అంది భార్య.

"ఊరికే! నాకేం దద్దుర్లు లేవు!"

"దద్దుర్ల మాట నేనెత్తలేదే!"

గుమ్మడికాయ దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టయింది. ఆవిడ కాలరు లాగి చూసి నిర్ఘాంతపోయింది. "డాక్టరమ్మకి చెప్దాం పదండి" అంది. "వద్దు. ఆపేస్తారు. మళ్ళీ నువ్వు నా చొక్కాకి బొత్తాలు పెట్టాలి" అన్నాడాయన, చాలా చిన్న గొంతుతో. ఆ మాటకు ఆవిడా నోరు మూసుకుంది. ఆ రోజులు ఆవిడకూ గుర్తున్నాయి.

మనలో ఎంతమందిమి ఇలా చేయడం లేదు? ఎలా ఉన్నారని డాక్టరు మనల్ని అడగగానే బాగున్నామని చెప్పడం మర్యాద అనుకుంటాం. పెద్ద మందు ఇస్తున్నవారి దగ్గర చిన్న బాధ చెప్పడం కృతఘ్నత అనుకుంటాం. ఇంట్లోవాళ్ళ సంతోషం పాడుచేయడం ఎందుకని ఊరుకుంటాం. మూడోసారి మందు ఎక్కుతున్నప్పుడు మామకు కాసేపు ఛాతీ పట్టేసినట్టయింది. ఆ సంగతి భార్యకు కూడా చెప్పలేదు.

నాలుగోసారి ఆసుపత్రికి వెళ్ళాల్సిన ముందు రోజు హెడ్ కానిస్టేబులు గడ్డానికి వచ్చాడు. రేపటి గురించిన దిగులుతో మామకు చెయ్యి ఒకచోట, మనసు ఒకచోట ఉన్నాయి. "మంటగా ఉంటే చెప్పండి" అని అలవాటుగా అనేసి, నీళ్ళు ఎంత కాగాయో చూసుకోకుండానే వేడి తువ్వాలు ఆయన ముఖాన కప్పాడు. హెడ్డుగారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. బూట్లు నేలమీద టకటకలాడాయి. తువ్వాలు తీసేసరికి ముఖం టమాటాలా ఉంది, కళ్ళు చెరువులయ్యాయి.

"అయ్యయ్యో! చెప్పమన్నాను కదండీ! ఎందుకు ఊరుకున్నారు?"

"ఇన్నాళ్ళకి షాపు తెరిచావు. నోరెత్తితే నొచ్చుకుని మళ్ళీ మూసేస్తావేమోనని..."

మామకు కోపం ముంచుకొచ్చింది. "ఇంతటి మనిషికి ఆ మాత్రం తెలియదా? చెబితే తువ్వాలు చల్లార్చి వేస్తాను గానీ, ఎవరైనా షాపు మూసేస్తారా? మీరు చెప్పకపోతే మీ మంట నాకెలా తెలుస్తుంది?"

అంటూనే ఆగిపోయాడు. ఎదురుగా అద్దంలో గొంతుదాకా బొత్తాలు బిగించుకున్న మనిషొకడు తననే చూస్తున్నాడు.

"ఏంటి, రేడియో ఆగింది?" అన్నాడు హెడ్డుగారు, చెంపలు విసురుకుంటూ.

"స్టేషన్ మారుతోంది సార్," అన్నాడు మామ.

మర్నాడు ఆసుపత్రిలో నర్సమ్మ అడగడం పూర్తికాకముందే ప్రసారం మొదలైంది. తన వేళ్ళతో తానే పైబొత్తాలు రెండూ విప్పి మెడ చూపించాడు. దురద, దద్దుర్లు, ముఖం వేడి అన్నీ చెప్పుకొచ్చాడు. నవ్వుతూ వింటున్న నర్సమ్మ, ఛాతీ మాట రాగానే నవ్వు ఆపి డాక్టరమ్మను పిలుచుకొచ్చింది. పక్కనున్న భార్య మాత్రం ఆయన చెవి మెలిపెట్టడం ఒక్కటే తక్కువ. "ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందట, అలా ఉంది మీ సంగతి!" అంది.

డాక్టరమ్మ గట్టిగానే మందలించింది. "మామా, ఒంట్లో జరిగేది మీకు తెలిసినట్టు నాకు తెలియదు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. మరి మీరు చెప్పనిదే నేనేం చేయగలను? ఛాతీ పట్టేసిన మాట దాచడం ప్రాణాలతో ఆట."

"మరి... ఆపేస్తారా అమ్మా?"

"ముందు పరీక్షలు చూస్తాను. అన్నీ బాగుంటే దురద రాకుండా మాత్ర ఇచ్చి, నర్సు పక్కనే ఉండగా చాలా నెమ్మదిగా ఎక్కిద్దాం. అప్పటికీ పడకపోతే వేరే మందులున్నాయి. మీ చేతుల్ని నేనెందుకు వదిలేస్తాను?"

పరీక్షలు బాగానే వచ్చాయి. మందు నత్తనడకన ఎక్కింది. మామ మెడ మామూలుగానే ఉంది, ఊపిరి హాయిగా ఆడింది, కబుర్లకు మాత్రం అంతులేదు. ఆయన మాటలన్నీ వింటున్న పక్క మంచం పెద్దావిడ మెల్లగా చెయ్యెత్తింది. "అమ్మాయ్, నాకు ఇది ఎక్కిన రోజు రాత్రంతా వణుకొస్తుంది. చెప్పొచ్చా?" ఆ వెనకే ఇంకొకాయన గొంతు సవరించుకున్నాడు. నర్సమ్మ నవ్వుతూ, "ఒక్కొక్కరుగా చెప్పండి, అందరిదీ వింటాను!" అని మంచం మంచం దగ్గరికీ తిరిగింది. అన్నాళ్ళూ గప్‌చుప్‌గా ఉండే ఆ గది ఆ రోజు పెళ్ళిల్లులా మోగింది.

ఇప్పుడు రేడియో మామ పైబొత్తాలు వదిలేసుకుని దర్జాగా పని చేసుకుంటున్నాడు. తువ్వాలు ముందు తన చెంపకు ఆనించుకుని చూసుకున్నాకే హెడ్డుగారికి కప్పుతున్నాడు. కత్తి పట్టే ముందు చెప్పే పాత మాటను మాత్రం కాస్త పొడిగించాడు.

"మంటగా ఉంటే చెప్పండి. ఇక్కడే కాదు, ఆసుపత్రిలో కూడా. చెబితే వైద్యం ఆగిపోదు, మన ఒంటికి తగ్గట్టు కుదురుకుంటుంది."